సామాన్లు పెట్టరాదు

ఈ మధ్య నా ఫోన్ నిండా కోచ్‌లే. పొద్దున లేచి ఫోన్ తెరిస్తే చాలు, చెవి నుంచి మూతి దాకా సన్నని మైకు తగిలించుకున్న యువకుడొకడు ప్రత్యక్షమై, "మీ షాపుకు కస్టమర్లు ఎందుకు రావట్లేదో మూడు నిమిషాల్లో చెప్తాను" అంటాడు. మరొకడు ఇంట్లో కూర్చుని దేశమంతటికీ వ్యాపారం నేర్పుతాడు. ఇంకొకడి దగ్గర కోర్సు చేస్తే మనమే కోచ్‌లమైపోతామట, ఆ పై కోర్సు చేస్తే కోచ్‌లకు కోచ్‌లమవుతామట. నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఒళ్లు మండేది వాళ్ల మీద కాదు లెండి. వాళ్లు చెప్పే వాటిలో సగం ఒకప్పుడు నేను చెప్పినవే. అందులో ఒక్క మాటకు మానుకోటలో ఒక అక్క దుకాణం చేతులు మారేదాకా వచ్చింది.

మానుకోట అంటే మహబూబాబాద్. కాగితాల మీద ఆ పేరు, జనం నోట్లో ఈ పేరు.

నాది జనగామ. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతూ, అమ్మలేక విసుగెత్తి, హైదరాబాద్‌లో ఒక సంస్థ దగ్గర పది రోజుల శిక్షణ తీసుకుని బిజినెస్ ట్రైనర్‌గా ఊరికి తిరిగొచ్చాను. ఒక టై, ఒక ప్రొజెక్టరు, దాన్ని మోయడానికి ఒక నల్ల బ్యాగు. అదే నా ఆస్తి. అప్పట్లో వ్యాపారానికి కూడా కోచింగ్ ఉంటుందని మా దిక్కు ఎవరికీ తెలియదు. కోచింగ్ అంటే ఉద్యోగ పరీక్షలకే. జనగామ ఫంక్షన్ హాల్లో నా మొదటి క్లాసుకు వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన బిడ్డను వెంటబెట్టుకొచ్చి, "సారూ, పిల్లకు టీచర్ పరీక్ష కోచింగ్ కావాలె, పుస్తకాలు మీరే ఇస్తరా?" అని అడిగాడు. ఇది వ్యాపారుల క్లాసు అని చెప్తే, "వ్యాపారం గూడ క్లాసుల నేర్పుతరా?" అని నన్ను జాలిగా చూసి వెళ్లిపోయాడు.

హైదరాబాద్‌లో మాకు మాట తీరు కూడా మార్చి పంపారు. ఎట్ల అనకూడదు, ఎలా అనాలి. గిట్ల అస్సలు అనకూడదు. నేను టై సర్దుకుని "మన దుకాణాన్ని ఎలా అభివృద్ధి చేసుకోవాలంటే" అని మొదలుపెట్టగానే, ముందు వరసలో గిన్నెల దుకాణం ఆయన చేయెత్తాడు.

"సారుది ఏ ఊరు?"

"ఈ ఊరే బాపూ. మీ పక్క గల్లీనే."

"మరి గట్ల మాట్లాడుతున్నవేంది, పెయ్యి బాగలేదా, జరమొచ్చిందా?"

హాలంతా గొల్లుమంది. తెలంగాణ రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వెలుస్తున్న రోజులవి. ఆ భాషతో నెగ్గుకు రావడం కష్టమని తెలిసి, సాయంత్రానికల్లా దాన్ని టైతో పాటు బ్యాగులో పెట్టేశాను. కానీ బుర్రలో ఎక్కించుకున్న పాఠాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఉద్యమం ముదిరేకొద్దీ నా క్లాసులకు దినదిన గండమే. నేను ఏ రోజు పెట్టుకుంటే ఆ రోజే బంద్. భూపాలపల్లిలో హోటళ్లు, కిరాణా దుకాణాల వాళ్లకు క్లాసు పెడితే, వెళ్లేసరికి హాలు ఖాళీ. నా విద్యార్థులంతా చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష టెంటు కింద మెడలో దండలతో కూర్చున్నారు. ఆ రోజు వంతు వ్యాపారులదట. "సారూ, ఈడనే చెప్పు. మేం ఎట్లాగూ పొద్దుగూకెదాక లేసేది లేదు" అన్నారు. కరెంటు లేదు, ప్రొజెక్టరు లేదు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ల మీద ఉన్న మనుషులకు కస్టమర్ ఆకలిని గుర్తించడం ఎలాగో చెప్పాను. చిట్యాల రోడ్డులో టిఫిన్ల బండి నడిపే పెద్దమనిషి అంతా ఓపిగ్గా విని, "మంచిగ చెప్పినవ్ గని, నువ్వు ఎప్పుడన్న దుకాణం నడిపినవా సారూ?" అన్నాడు. లేదన్నాను. "మరి?" అన్నాడు. అంతే. అందులో వెటకారం ఏమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఎవరో నా మెడలో కూడా ఒక దండ వేశారు. మర్నాడు పేపర్లో దీక్షాపరుల ఫోటోలో నేనూ ఉన్నాను.

మానుకోట క్లాసులో ముప్పై మంది మగవాళ్ల మధ్య ఒక్కతే ఆడమనిషి. నేను దగ్గినా రాసుకునేలా ఉంది, అంత శ్రద్ధ. ఆమెనే నేను అక్క అంటున్నది. బజార్లో వాళ్లది బట్టల దుకాణం. మామగారు పెట్టింది. ఊరంతా ఆయన్ని పెద్దసేటు అంటారు. మోకాళ్లు పట్టేసి ఆయన ఇంట్లో కూర్చున్నాడు. కొడుకు సర్కారు బడిలో టీచరు, బట్టలంటే తాను కట్టుకునేవి తప్ప తెలియదు. సెల్‌ఫోన్ల డీలరొకడు దుకాణం కిరాయికి కావాలని తిరుగుతున్నాడు. అప్పుడు అక్క, నేను నడుపుతానని అడిగింది. ఆ ఇంట్లో ఆడవాళ్లు గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం అంతవరకు లేదు. అయినా పెద్దసేటు, "దసరా దాక నడిపి సూడు. నడ్వకుంటే సెల్‌ఫోన్లోనికి తాళం ఇచ్చేద్దాం" అన్నాడట.

ఆ మాట నాకు చెప్పి, "సార్, నాకు ఈ ఒక్క సందు దొరికింది. పోతే మళ్ల నన్ను ఎవలు రానియ్యరు. మీరొచ్చి జర దుకాణం సూడుండ్రి" అంది. నన్ను నమ్మి ఒక దుకాణం లోపలికి పిలిచిన మొదటి మనిషి ఆమె. ఛాతీ కాస్త పొంగిన మాట నిజం.

వెళ్లి చూస్తే కాలు పెట్టే చోటు లేదు. నేలంతా పరిచిన చాప, ఆ చాప మీద సగం దాకా మూటలు. గోనె సంచులు, కొత్త బకెట్టు, సైకిల్ టైరు, దవాఖానలో తీసిన ఎక్స్‌రే కవరు, కాళ్లు కట్టిన ఒక కోడి. వారపు సంత జరిగే అంగడి రోజున బయ్యారం దిక్కు తండాల నుంచి వచ్చే ఆడవాళ్లు పొద్దున్నే ఇక్కడ మూటలు దించి, బజారు, దవాఖాన, ఆఫీసులు తిరిగి, సాయంత్రం వచ్చి తీసుకుపోతారట. పెద్దసేటు కాలం నుంచి అదే పద్ధతి. మూట పెట్టిన మనిషి వచ్చేదాకా ఆయన అన్నానికి కూడా ఇంటికి పోయేవాడు కాదట. చీకటి పడినా ఆమె రాకపోతే, మర్నాడు అందరికంటే ముందు దుకాణం తెరిచేవాడట, వచ్చిన మనిషి మూసిన తలుపు ముందు నిలబడకూడదని.

నేను ఇదంతా విని ముచ్చటపడి ఉంటే ఈ కథే లేదు. నేను టేపు తీసి నేల కొలిచాను. "అక్కా, దుకాణంలో సగం జాగా మూటలకే పోతుంది. లోపలికొచ్చిన మనిషికి బట్టలు కనబడాలా, కోడి కనబడాలా? ఇది దుకాణమా, స్టేషన్‌లో సామాన్ల గదా?" అన్నాను.

"మామ కాలం నుంచి పెడుతుండ్రు సార్. వద్దంటే ఏమనుకుంటరో."

"ఏమీ అనుకోరు. వ్యాపారం వేరే, మొహమాటం వేరే."

అక్క నా మాట తూచా తప్పకుండా పాటించింది. చాప పోయింది. అద్దాల కౌంటరు వచ్చింది. గోడకు నిలువుటద్దం, ప్రతి బట్టకూ ధర చీటీ, వీధి వైపు అద్దాల తలుపు. ఆ తలుపు పక్కన తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు: సామాన్లు పెట్టరాదు. అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలో కూడా నేనే చెప్పి రాయించాను. ముందు ఒక ఫోటో, తరువాత ఒక ఫోటో తీసుకుని నా స్లైడ్లలో పెట్టుకున్నాను. ఆ రెండు ఫోటోలు చూపించి జనగామలో ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కొన్నాళ్లకు అక్క ఫోన్ చేసింది. "సార్, కాలేజీ పిల్లలు వచ్చి అద్దంల తల దువ్వుకొని పోతుండ్రు. తండా అవ్వలు తలుపు దాక వచ్చి, బోర్డు సూశి మర్లిపోతుండ్రు. ఇయ్యాల పొద్దటిసంది బోణీ కాలే." మార్పుకు సమయం పడుతుందన్నాను. ఆఫర్ అని బ్యానరు కట్టమన్నాను. ఆమె అదీ కట్టింది. అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు, బస్సులు, బొగ్గు బావులు అన్నీ ఆగిపోయాయి. నాకు మంచి సాకు దొరికింది. ఎక్కడా బేరాల్లేవు కదక్కా, సమ్మె అయిపోనీ అన్నాను. "సమ్మె అయిపోయేటాల్లకు దసరా దాటుతది సార్" అంది ఆమె. నేను మాట మార్చాను.

దసరాకు రెండు వారాలుందనగా, ఎలా ఉందో చూద్దామని పొద్దుటి ప్యాసింజరులో మానుకోట వెళ్లాను. నేను దిగడం, వెనకే రైలు రోకో మొదలవడం. పట్టాల మీద జనం కూర్చున్నారు, పక్కనే పొయ్యిలు పెట్టి వంటలు మొదలుపెట్టారు. బస్సులు అంతకుముందే లేవు. తిరుగు ప్రయాణానికి ఏదైనా వాహనం వెతకాలి. ప్రొజెక్టరు బ్యాగు అక్క దుకాణంలో పడేసి పోదామని వెళ్లాను.

"అక్కా, ఈ బ్యాగు ఇక్కడ ఉంచుతా, ఇప్పుడే వస్తా."

అక్క అటూ ఇటూ చూసింది. నిజంగానే చోటు లేదు. కౌంటరుకూ గోడకూ మధ్య ఒక మనిషి నడిచేంతే ఉంది. ఆ కొలత కూడా నాదే.

"ఏడ పెడ్తరు సార్?" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గన్నేండ్ల సంది వచ్చే అవ్వలకు వద్దన్న. ఇప్పుడు మీది పెట్టుకుంటే ఆళ్లకు ఏం మొఖం సూపెట్టాలె సార్? బోర్డు అందరికి ఒక్కటే గద."

కోపం వచ్చింది నాకు. ఆమె మీదే వచ్చింది. ఇంత చేస్తే ఒక బ్యాగు పెట్టనివ్వదా అనుకుంటూ బయటపడ్డాను. ఆ ఎండలో ఆ బరువుతో మానుకోట ఎంత పెద్ద ఊరో తెలిసింది. బస్టాండుకు పోయాను, జీపుల అడ్డాకు పోయాను. చాయ్ తాగుదామంటే బ్యాగు కాళ్ల మధ్య ఇరికించుకోవాలి. ఇంకో పనికి పోదామంటే దాన్ని ఎవరికి అప్పగించాలో తెలియదు. భుజం మార్చీ మార్చీ రెండు భుజాలూ పోయాయి. బజారు చివర ఇరుకైన మరో బట్టల దుకాణం ముందు ఆగాను. ఆ రోజు అంగడి; బస్సులు లేకపోయినా ఆటోల్లో, నడిచి వచ్చినవాళ్ల మూటలు అరుగు నిండా ఉన్నాయి. వాటి పక్కన ముంజేతుల నిండా గాజులతో ఒక తండా అవ్వ కూర్చుని ఉంది.

"గాడ పెట్టు సారూ. ఎంతసేపని మోస్తవ్?" అంది, దుకాణం తనదే అయినట్టు. లోపలి నుంచి యజమాని తల కూడా ఎత్తకుండా చేత్తో సైగ చేశాడు.

పెట్టాను. ఒళ్లు తేలికైంది. ఊరంతా హాయిగా తిరిగి, చాయ్ తాగి, సాయంత్రం రైళ్లు కదులుతాయని తెలుసుకుని బ్యాగు కోసం వచ్చాను. తీసుకుని ఊరికే పోవాలంటే మనసొప్పలేదు. ఒక తువ్వాలు కొన్నాను. ఇంట్లో తువ్వాళ్లు చాలానే ఉన్నాయి. నన్ను కొనమని ఎవరూ అడగలేదు, ఆఫర్ బ్యానరూ లేదు. నాలుగడుగులు వేశాక ఆ తువ్వాలు చేతిలో పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడిపోయాను.

వెనక్కి వెళ్లి అవ్వను అడిగాను, పెద్దసేటు దుకాణానికి ఎందుకు పోవడం లేదని.

"గది ఇప్పుడు అద్దాల దుకాణం గద. మూట నెత్తి మీద పెట్టుకుంటే రెండు చేతులు మూటకే చాలయ్. బట్ట ఏ చేత్తోని పట్టి సూడాలె?" అంది అవ్వ.

బట్టను చేత్తో పట్టి చూడకుండా ఎవరు కొంటారు? ఇంత మామూలు సంగతి నాకు పది రోజుల శిక్షణలో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే మాత్రం, నాకు కళ్లు లేవా? నా మీద నాకు అసహ్యం వేసింది. నేరుగా అక్క దగ్గరికి వెళ్లి, "అక్కా, తప్పు నాది. నువ్వు సరిగ్గానే చేసినవ్, నేను చెప్పిందే తప్పు" అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక క్లయింటు ముందు ఆ మాట అన్నాను. అక్క పక్క దుకాణం నుంచి స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతికిచ్చింది. బోర్డు నేనే విప్పాను. కౌంటరు గోడకు జరిపాం. అటక మీది నుంచి చాప దిగింది.

తరువాత అక్క నన్ను వెంటబెట్టుకుని బజారు చివరికి నడిచింది. పరాయి దుకాణం అరుగు మీద అవ్వ పక్కన కూర్చుంది. "అవ్వా, బోర్డు తీసేసిన. తప్పయింది. దసరా దాక నేనుంట. అటెన్క సెల్‌ఫోన్ల దుకాణమొస్తది. ఉన్నన్ని దినాలన్న రాండ్రి" అంది.

అవ్వ ఆమెను పైకీ కిందికీ చూసి, "సూద్దాం" అంది.

ఆ తరువాతి అంగడికి రెండు మూటలు వచ్చాయట, ఆ పై అంగడికి ఐదు. సంతోషమే గానీ సమ్మె రోజుల్లో ఐదు మూటలతో దుకాణం నిలబడదు. దసరా ముందురోజు నాకు ఇంట్లో కాలు నిలవలేదు. తెలిసినాయన బైకు వెనక ఎక్కి మానుకోట చేరేసరికి పెద్దసేటు కర్ర పట్టుకుని వచ్చి ఉన్నాడు. డీలరు గోడలు కొలుస్తున్నాడు. అక్క తాళాలు కౌంటరు మీద పెట్టి తల వంచుకుని నిలబడింది.

పెద్దసేటు తాళాలు తీసుకుని వెనక్కి తిరిగాడు. మూలన చాప మీద ఒక మూట కనబడింది.

"ఎవలిది?"

"అవ్వది మామా. పొద్దుగాల పెట్టి పోయింది."

"రానియ్. వచ్చి తీస్కపోయినంక మాట్లాడుదాం" అని ఆయన చాప మీద కూర్చున్నాడు.

డీలరు నవ్వాడు. "ఒక్క మూట కోసమా సేటూ? పక్క దుకాణంల పెడ్తే అయిపాయె."

"మా దగ్గర పెట్టింది. పక్కోని దగ్గర కాదు. లోపల మూట ఉండంగ తాళం ఇచ్చుడు మా ఇంట్ల లేదు" అన్నాడు పెద్దసేటు. గొంతు పెంచలేదు గానీ డీలరు టేపు చుట్టేశాడు.

అవ్వ ఆ సాయంత్రం రాలేదు. దసరా నాడు రాలేదు. తరువాత కూడా రాలేదు. పెద్దసేటు మాత్రం మోకాళ్లు పట్టుకుని రోజూ పొద్దున్నే వచ్చి, దుకాణం తెరిపించి, మూట పక్కన కూర్చున్నాడు. ఆయన్ని చూసి పాత మొఖాలు లోపలికి తొంగిచూశాయి. సేటు మళ్లీ కూర్చున్నాడన్న మాట తండాలకు చేరింది. ఆటోల్లో, నడిచి, ఎలాగోలా వచ్చారు. చాప నిండింది. సేటు మాట్లాడుతుంటే అక్క బట్టలు పరిచింది, చూసినవాళ్లు రెండు చేతులతో పట్టి చూసుకున్నారు. డీలరు కొన్నాళ్లు చూసి, స్టేషన్ రోడ్డులో వేరే మడిగె కిరాయికి తీసుకున్నాడు.

సమ్మె ముగిసి బస్సులు తిరిగిన మొదటి అంగడికి అవ్వ వచ్చింది. నేనూ ఉన్నాను. పెద్దసేటు గయ్యిమన్నాడు. "ఇన్ని దినాలు ఏడ వోయినవే? నీ మూటకు కావలి కాయలేక పరేషాన్ అయితి!"

"సమ్మె గద సేటూ. బస్సుల్లేవ్" అంది అవ్వ. ఆమె తండా వాళ్లంతా అన్నాళ్లూ వచ్చిపోతూనే ఉన్నారు.

చాప మీద కూర్చుని ఆమె తాపీగా మూట విప్పింది. లోపల ఒక చినిగిన బొంత. ఇంకేమీ లేదు.

"గీ బొంత కోసమా అవ్వా?" అంది అక్క, నోరెళ్లబెట్టి.

"నీకేం దెలుసు బిడ్డా. మూట ఉంటే సేటు తాళం ఇయ్యడు. నాకు ఎర్కే" అని అవ్వ మళ్లీ ముడేసి, మూటను ఉన్నచోటికే నెట్టింది. పెద్దసేటు అవ్వ వంక చూశాడు, కోడలి వంక చూశాడు. జేబులోంచి తాళాలు తీసి కోడలి ముందు పెట్టి, "అందరికి చాయ్ చెప్పు" అన్నాడు.

నా స్లైడ్లలో రెండు ఫోటోలూ అలాగే ఉన్నాయి, వరస మాత్రం మార్చుకున్నాను. ఇప్పటికీ కొత్త దుకాణానికి పిలిస్తే మొదటి రోజు నోరు విప్పను. బ్యాగు అక్కడ పెట్టి ఊరు తిరిగొస్తాను. పెట్టడానికి చోటు దొరకకపోతే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను. మొన్న ఒక యువ కోచ్ ఫోన్ చేసి అనుభవం చెప్పమంటే ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "నాలుగు పాయింట్లలో పంపుతారా సార్?" అన్నాడు. పంపలేదు.

ఈ మధ్య మానుకోట వెళ్లాను. ఇప్పుడది జిల్లా కేంద్రం. పెద్దసేటు లేడు. అక్క జుట్టు నెరిసింది, కౌంటరు మీద ఫోన్‌తో డబ్బు కట్టే చీటీ అంటించి ఉంది, మూలన చాప ఉంది. చాప పైన అరలో ఆ బొంత మూట. అవ్వ కూడా పోయిందట. ఆమె మనవరాలు వస్తే అక్క మూట దించి చేతికివ్వబోయిందట.

"ఏమన్నది?" అని అడిగాను.

"తీస్కపోనన్నది సార్. నేను దుకాణంల ఉన్నన్ని దినాలు దాన్ని ముట్టొద్దని అవ్వ చెప్పి పోయిందట."